గాలిలో వచ్చు రేడియో ధార్మిక ధూళి: నేలలో ఎంతవరకు ఉండవచ్చును?

మౌలాలి ప్రాంతమున 1971లో నెలకొల్పబడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో అణు రియాక్టర్లకు యురేనియం ఇంధనము తయారగుచున్నది. శామీర్‌పేట, మేడ్చల్ రైతులు కొందరు అడుగుచుందురు: "అయ్యా, ఎన్నడైనా అట్టి ధూళి గాలికి వచ్చి మా మళ్లలో పడినచో, ఎంత వరకు ఉంటే పంట వేయవచ్చును?"

"ఏమియు ఉండరాదు" అని చెప్పుట తేలిక. కాని అట్టి నేల ఎచ్చటను లేదు. మన చల్క నేలలు గ్రానైటు రాయి చివికి ఏర్పడినవి. ఆ రాతిలో యురేనియం, థోరియం పుట్టుకతోనే ఉన్నవి. సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైనచో దానిని ఒక బెకరెల్ అందురు. ప్రపంచములో సాధారణముగా కిలో మట్టిలో యురేనియం 35, థోరియం 30 బెకరెళ్లని ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల సంఘము 2000లో తెలిపినది. గ్రానైటు నేలలలో ఇంతకు మించియుండుట వింత కాదు. ఇదిగాక, 1980 వరకు గాలిలో జరిగిన బాంబు పరీక్షల సీసియం కొద్దిగా అన్ని దేశముల నేలలపైనను పడినది.

మరి హద్దు ఎట్లు ఏర్పరతురు? కంచము నుండి వెనుకకు లెక్కింతురు. 2011 మార్చిలో జపానులోని ఫుకుషిమా రియాక్టర్ల నుండి సీసియం వెలువడినది. అప్పుడు ఆహారమునకు హద్దు కిలోకు 500 బెకరెళ్లు. మట్టిలోని సీసియంలో పదవ వంతు బియ్యములోనికి రావచ్చునని ఎంచి, 15 సెం.మీ. లోతు మట్టికి 5,000 హద్దుగా ఏప్రిల్‌లో నిర్ణయించిరి. లెక్క చక్కనిదే. అయినను సాగుకు అనుమతించిన ప్రాంతములలోనే, ఆ శరదృతువులో కొన్ని మళ్ల బియ్యము 500 దాటినది! పరిశీలింపగా, పొటాషు తక్కువైన మళ్లలో పైరు సీసియంను ఎక్కువగా పీల్చినట్లు తేలినది. 2012 ఏప్రిల్‌లో ఆహారపు హద్దును 100కు దించిరి. 100 గ్రాముల మట్టిలో 25 మిల్లీగ్రాముల పొటాషు ఉండునట్లు ఎరువు వేయించిరి.

ఈ ఉపాయము సీసియంకే పనికివచ్చును. యురేనియం వేరు ద్వారా పైరులోనికి బహు స్వల్పముగా పోవును. ఆకుపై అంటిన ధూళియే ముఖ్యము. ఫుకుషిమా ప్రమాదమైన వారము పదిరోజులలోనే ఇబరాకి పాలకూర హద్దు దాటినది. వేరు పీల్చుటకు అది చాలిన కాలము కాదు. కావున ధూళి పడుచున్న దినములలో పాలకూర, గోంగూర, తోటకూరలకు నేల హద్దు ఏమియు రక్షణ కాదు. ఆకునే పరీక్షింపవలెను.

లోతు తెలుపని అంకెను నమ్మరాదు. ధూళి పై 5 సెం.మీ.లోనే నిలిచియుండగా 15 సెం.మీ. వరకు త్రవ్వి కలిపినచో, అంకె ఇంచుమించు మూడవ వంతుకు పడిపోవును. నేలలోని ధూళి మాత్రము తగ్గలేదు!

హద్దు ఏదైనను, సహజముగా ఉన్నదెంత, వచ్చి పడినదెంత అని వేరు చేయవలసియుండును. ముందటి మట్టి లేనిదే అది కష్టము. పుకారు పుట్టిననాడు ఆకుకూర కొనువారుండరు. నిజముగా ధూళి పడిననాడు నష్టపరిహారమునకు ఆధారముండదు. గ్రామాధికారులు ఇప్పుడే, దున్నని చోట 0–5, 5–15 సెం.మీ. లోతుల మట్టిని వేరువేరుగా తీయించి, నీడన ఆరబెట్టి, గాజు సీసాలలో మూత బిగించి, సర్వే నంబరు, తేదీ, లోతు వ్రాసి భద్రపరచవలెను. సాధారణ భూసార పరీక్షలో రేడియో ధార్మికత తెలియదు. దానికి గామా కిరణములను కొలుచు యంత్రము కావలెను. సీసియం సగమగుటకు 30 ఏండ్లు పట్టును గనుక, సీసాలోని మట్టి చాలకాలము సాక్ష్యమునకు పనికివచ్చును.