రాసింది తుడవడమే పని

కార్తీక వనభోజనాలకు బయల్దేరేటప్పుడు మా సంచిలోకి మొదట చేరేది ఇనప పెనం. ఉసిరి చెట్టు కింద, మూడు రాళ్ల పొయ్యి మీద అట్టు అంటుకోకుండా లేవాలంటే ఆ పెనాన్ని ఇంట్లోనే దారికి తెచ్చుకుని ఉండాలి.

కొన్న కొత్తలో నేను ఒక్క పూటలో ఆ పని ముగించాలనుకున్నాను. గరిటెడు నూనె పోసి పెద్ద మంట పెట్టాను. చల్లారాక చూస్తే పెనమంతా జిగురు, వేలు పెడితే అంటుకుంటోంది. పెద్దమ్మ చూసి, "నూనె ఎక్కువైందమ్మా. రాయడం కాదు, రాసింది తుడవడమే పని" అంది.

ఆ జిగురంతా గీకించి, తోమించి, తడి పూర్తిగా ఆరేదాకా పొయ్యి మీద ఉంచమంది. తర్వాత నాలుగు చుక్కల నూనె, పాత నూలు గుడ్డ. అంచులకీ, వెనకవైపుకీ రాశాక ఇంకో పొడి గుడ్డతో, అసలు నూనే రాయలేదేమో అనిపించేంతగా తుడిపించింది. అప్పుడు మంట మీద పెట్టి, పొగ లేచి తగ్గేదాకా ఆగడం. చల్లారాక మళ్లీ మొదలు. అలా ఆరుసార్లు. పలచటి నూనె వేడికి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, అణువులు ఒకదానికొకటి అల్లుకుని గట్టి పొరవుతుంది. మందంగా పూస్తే సరిగా గట్టిపడక జిగురుగానే మిగిలిపోతుంది.

మన తీర్మానాలు చాలావరకు ఆ గరిటెడు నూనెలాంటివే. ఉగాది నాడు నాలుగింటికి లేవడం, గంట వ్యాయామం, యాభై పేజీల చదువు, అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకుంటాం. నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పట్టేసేది. ఉపన్యాసాల తరగతిలో చేరి నెల తిరక్కుండానే మానేశాను. పెనం సంగతి గుర్తొచ్చాక ఒక్కటే పెట్టుకున్నాను: ఆఫీసులో జరిగే ప్రతి సమావేశంలో ఒక్క ప్రశ్న. మిగతావన్నీ తుడిచేశాను. ఏడాది తిరిగేసరికి గొంతు దానంతటదే తెరుచుకుంది.

మొన్నటి వనభోజనాల్లో ఎవరో ఆ పెనం మీదే చింతపండు పులుసు మరిగించారు. పులుపు పొరను తినేస్తుంది. పైగా వాగులో కడిగి, తడిగానే సంచిలో పడేశాం. తెల్లారేసరికి నడిమధ్య అరచేతంత తుప్పు. పారేసి కొత్తది కొందామంది మా అమ్మాయి. నేను ఒప్పుకోలేదు. జబ్బు చేసి రెండు నెలలు ఆఫీసుకు వెళ్లనప్పుడు, అంతా పోయింది, మళ్లీ మొదటికొచ్చానని నేనూ కుమిలిపోయాను. తిరిగి వెళ్లిన రోజు ఒక్క ప్రశ్న అడిగాక తెలిసింది, అడుగు పొర అలాగే ఉందని.

కల్లుప్పు, కాస్త నూనె వేసి గుడ్డతో తుప్పున్న చోటే రుద్దాం. కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, రెండు పూతలు పూశాం. రెండోసారి గుడ్డ మా అమ్మాయే తీసుకుని, నేను చెప్పకుండానే నూనెంతా తుడిచేసింది. సాయంత్రం వేసిన మొదటి అట్టు నడిమధ్య కొంచెం పట్టుకుంది. రెండోదానికి అట్లకాడ ఆనించేలోపే అంచులు పైకి లేచాయి.