గూను నడుముకు, ఆపరేషన్ మెడకా?

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు. మాది మేనరికం. నడుము దగ్గర వెన్ను ఉబ్బింది, ఎత్తు పెరగడం లేదు. ఎంజైమ్ పరీక్ష చేసి మార్కియో జబ్బన్నారు. మెడకు ఆపరేషన్ చేయాలంటున్నారు. ఎందుకు?
– ఓ తల్లి, పుంగనూరు

జవాబు: కంటికి కనిపించేది నడుము గూనే అయినా, అసలు ముప్పు మెడలో ఉంది తల్లీ. ఎంజైమ్ లోపంతో వచ్చే ఈ జబ్బులో మెడలోని రెండో ఎముక కొన సరిగా ఎదగదు. పై రెండు ఎముకల మధ్య పట్టు తప్పి వెన్నుపాము నలుగుతుంది. త్వరగా అలసిపోవడం, నడక తడబడటం, చేతుల్లో బలం తగ్గడం దాని గుర్తులు. బాగా నలిగిన వెన్నుపాము మళ్లీ పూర్తిగా కోలుకోకపోవచ్చు. అందుకే ఎక్స్‌రేలు, ఎంఆర్ఐ చూసి, అవసరమైతే ముందే ఒత్తిడి తీసేసి ఎముకలను అతికిస్తారు.

ఈ పిల్లలకు శ్వాసమార్గం ఇరుకు, మత్తివ్వడం కష్టం. ఎక్కడ చిన్న ఆపరేషనైనా సరే, డాక్టర్లకు జబ్బు పేరు ముందే చెప్పండి. వారం వారం ఎక్కించే ఎంజైమ్ మందు ఓపిక పెంచవచ్చు గానీ ఎముకలను సరిచేయదు.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తింపు కేంద్రాల్లో చికిత్సకు రూ.50 లక్షల వరకు సాయానికి వీలుంది. హైదరాబాద్ నిమ్స్‌లో అడగండి. మీకు బెంగళూరు కేంద్రం ఇంకా దగ్గర.

మళ్లీ గర్భం దాల్చితే, ప్రతిసారీ బిడ్డకు ఈ జబ్బు వచ్చే ముప్పు 25 శాతం ఉంది. ముందే జన్యు సలహా తీసుకోండి. ఇక, విరిగిన ఎముకలకు కట్టే పుత్తూరు కట్టుకు మన జిల్లాల్లో ఎంత పేరున్నా, ఈ మెడకు కట్లు, మర్దనలు వద్దు. పిల్లిమొగ్గలు వేయనివ్వకండి.