గాదెకు కావలియుండు పిల్లి: రోగలక్షణములు, చేయవలసిన పనులు

ధాన్యము నిలువచేయు రైతులకు పిల్లి వలన గలుగు మేలు వేరుగ చెప్పనక్కరలేదు. ఎద్దు మేత మానినయెడల నాడే కనిపెట్టు రైతు, పిల్లి రెండు దినములు గాదె క్రింద నక్కియున్నను గుర్తింపకపోవుట కలదు. పిల్లి తన బాధను దాచుకొను జంతువు. కావున దాని తిండిని, మలమూత్రములను, నడతను నిత్యము గమనింపవలెను. ఈ క్రింది లక్షణములలో ఏది కనబడినను ఆలస్యము చేయరాదు.

1. మూత్రబంధము: పోతుపిల్లి మాటిమాటికి మూత్రమునకు కూర్చుండి ముక్కుచు చుక్కయైనను విడువనియెడల, మూత్రనాళము మూసికొనిపోయినదని అనుమానింపవలెను. మలబద్ధమని భ్రమించి ఆముదము పోయరాదు. చికిత్స లేనియెడల రెండు మూడు దినములలో ప్రాణము పోవచ్చును. తక్షణమే పశువైద్యశాలకు గొనిపోవలెను.

2. వాంతులు, నెత్తురు విరేచనములు: కూనలయందు ఇవి పాన్‌ల్యూకోపీనియా అను అంటురోగపు గుర్తులు కావచ్చును. దీని వైరసు ఇంటిలో ఒక సంవత్సరము వరకు నిలిచియుండగలదు. రోగముగల కూనను వేరుపరచి, ఆ చోటును బ్లీచింగు ద్రావణముతో కడుగవలెను. 6 మొదలు 8 వారముల వయస్సున టీకాలు ప్రారంభించుట దీనికి నివారణము.

3. విషము: బ్రోమాడయొలోన్ అను ఎలుకలమందు తిన్న ఎలుకను పిల్లి తిన్నయెడల, కొన్ని దినములకు చిగుళ్లు పాలిపోయి రక్తస్రావము కలుగవచ్చును. విటమిన్ కె1 దీనికి విరుగుడు. దానిని వైద్యుడే ఇయ్యవలెను. చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టవలెను. పశువుల పిడుదులకు వాడు మందును పిల్లికి పూయరాదు. వణకు, మూర్ఛ కలుగును. మనుష్యులు జ్వరమునకు వాడు పారాసిటమాల్ ఒక్క మాత్రయైనను పిల్లి ప్రాణము తీయగలదు.

4. రేబిస్: నడత హఠాత్తుగా మారి, కారణము లేక మీదపడి కరచుచు చొంగ కార్చు పిల్లిని ముట్టరాదు. పిల్లి కరచినను, నెత్తురు వచ్చునట్లు రక్కినను, గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. మనుష్యునకు రోగలక్షణములు బయటపడిన పిదప బ్రతుకుట మిక్కిలి అరుదు. పిల్లికి మూడు మాసముల వయస్సున టీకా వేయించి, వైద్యుడు చెప్పిన గడువున మరల వేయింపవలెను.

పై లక్షణములు లేకున్నను, ఒక దినము పూర్తిగా తిండి మానిన పిల్లిని ఉపేక్షింపరాదు. నిరాహారము వలన కాలేయము చెడును. ఎన్నడు తిండి మానినది, ఎన్నడు మూత్రము విడిచినది, ఏమి తిన్నది అను మూడు సంగతులను వైద్యునకు తెలిపినచో రోగనిర్ణయము సులభమగును.