వాము, శొంఠి: అజీర్తికి ఇంటి మందులు

కడుపు ఉబ్బరించినను, తిన్నది అరుగక వికారముగా నున్నను మన పల్లెలలో మొదట వెదకునది పోపులపెట్టెనే. ఇందులో తప్పు లేదు. అయితే ఏ దినుసు ఎంతవరకు పని చేయునో తెలిసికొని వాడవలెను.

వాము కర్నూలు ప్రాంతపు నల్లరేగడి చేలలో రైతులు వర్షాధారముగా పండించు పంట. గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానము నుండి దీనిలో మేలు రకములు కూడ వచ్చినవి. గింజను నలిపినప్పుడు ముక్కుకు తగులు ఘాటు థైమాల్ అను పదార్థము వలన కలుగును. అర చెంచా వామును చిటికెడు ఉప్పుతో నమిలి గోరువెచ్చని నీరు త్రాగినచో గాలి వెడలి కడుపు తేలికపడును. వాము నీరు కాచుకొనువారు గిన్నెపై మూత ఉంచవలెను. లేనిచో ఘాటంతయు ఆవిరితో పోవును. విత్తుటకు తెచ్చి మందు పట్టించిన గింజను మాత్రము నోట వేసికొనరాదు. కడిగినను అది తిండికి పనికిరాదు.

వికారమునకు వాముకంటె అల్లము, శొంఠి మేలు. వేవిళ్ల వికారమునకు అల్లము కొంత ఉపశమన మిచ్చునని పరీక్షలలో తేలినది. కొంత మాత్రమే సుమా! గర్భిణులు, రక్తము పలుచనగుటకు మందులు వాడువారు వైద్యుని అడిగి వాడుట మంచిది. అల్లపురసము మితిమీరిన గుండెలో మంట పుట్టును.

నీళ్ల విరేచనములు పట్టుకొన్నప్పుడు ఈ దినుసులను నమ్ముకొని కాలము గడుపరాదు. అప్పుడు ప్రాణము తీయునది ఒంటిలోని నీరు, ఉప్పు పోవుటయే. 1971లో పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ శరణార్థులలో కలరా ప్రబలినప్పుడు డాక్టరు దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోసు కలిపిన నీరు త్రాగించి ఎందరినో బ్రతికించెను. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరికిన అదే శ్రేష్ఠము. దొరకనిచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలగొట్టిన 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కరిగించి కొద్దికొద్దిగా పట్టవలెను. ఉప్పు ఎక్కువైన పసిపిల్లలకు హాని. బిడ్డ కళ్లు గుంటలు పడినను, మూత్రము రాకున్నను వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

పైరుకు పురుగుమందు చల్లి వచ్చిన మనిషి వాంతి చేసికొనినచో దానిని అజీర్తి అనుకొని కషాయము పోయరాదు. నోట చొంగ, ఒళ్లంతా చెమట, కనుపాపలు చిన్నవగుట విషపు గుర్తులు. తడిసిన బట్టలు విప్పించి, ఒళ్లు సబ్బుతో కడిగి, ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఆ మందు డబ్బాను గాని, దానిపై చీటీని గాని వెంట తీసికొనిపోయిన వైద్యునికి చికిత్స సులువగును.