వీల్‌ఛైరుపై ప్రయాణం: సన్నాహాలు, ధర్మాదేశాలు

పూర్వం యమన్ వాసులు కొందరు దారి సామగ్రి లేకుండానే హజ్‌కు బయలుదేరేవారు. తాము అల్లాహ్‌పై భారం వేశామని చెప్పుకునేవారు. తీరా మక్కా చేరాక జనం ముందు చేయి చాచేవారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపిన ఈ విషయం సహీహ్ బుఖారీలో ఉంది. ఆ సందర్భంలోనే దారి సామగ్రి వెంట తీసుకెళ్ళాలనే ఆజ్ఞ అవతరించింది (అల్ బఖర: 197). దీన్నిబట్టి సన్నాహం తవక్కుల్‌కు విరుద్ధం కాదని, అందులో భాగమేనని తెలుస్తోంది. నడవలేనివారి ప్రయాణంలో ఈ ఆజ్ఞ మరింత ముఖ్యమైనది.

మన ఇళ్ళలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. ఉమ్రాకు అందరూ బయలుదేరుతారు. వీల్‌ఛైరులో ఉన్న తల్లినో తండ్రినో మాత్రం “మీరు మాజూర్ కదా, అల్లాహ్ మీకు మినహాయింపు ఇచ్చాడు” అని ఇంట్లో ఉంచేస్తారు. రోగిపై, కుంటివారిపై నిర్బంధం లేదన్నది నిజమే. కాని ఆ రుఖ్సత్ వారి సౌకర్యం కోసం ఇవ్వబడింది. వారి బాధ్యత నుండి మనం తప్పుకోవడానికి కాదు.

హజ్రత్ ఉమ్మె సలమా (రజి) హజ్‌లో తమ అనారోగ్యం గురించి చెప్పుకున్నప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆమెను ఆపలేదు. జనం వెనుకగా వాహనంపై తవాఫ్ చేయమన్నారు (బుఖారీ). అంటే, ఆమె కోసం మార్గం చూపారు. మనం చేయవలసిందీ అదే.

1. ఇంటి దగ్గర

మడతపెట్టే కుర్చీ, ఊడదీయగల పాదాల పలకలు ఉంటే ప్రయాణం సులువు. బ్రేకులు, నట్లు, చక్రాల గాలి ముందే చూసుకోవాలి. పానా, గాలి పంపు, పంక్చరు సామాను వెంట ఉండాలి. కుర్చీ వెడల్పు కొలిచి రాసుకుని, దిగబోయే గదిలో స్నానాలగది తలుపు ఎంత వెడల్పో ఫోనులో అడగాలి. తలుపు ఇరుకైతే మిగతా సౌకర్యాలన్నీ వృథాయే. మెత్తని దిండు మరువరాదు. స్పర్శ తెలియనివారికి ఎక్కువసేపు ఒకే తీరున కూర్చుంటే పుండ్లు పడతాయి. మధ్యమధ్య ఒళ్ళు కదిలిస్తూ ఉండాలి. మందులు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉంచాలి.

2. బస్సు, రైలు

జనగామ, మహబూబాబాద్ రైలు మార్గంలో ఉన్నాయి. అయితే అక్కడ రైళ్ళు ఆగేది కొద్దిసేపే. కనుక పెట్టె ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసుకుని, ఎక్కించడానికి ఇద్దరు మనుషులను సిద్ధంగా ఉంచాలి. తోడు లేకుండా ప్రయాణించలేని వికలాంగులకు, వారి తోడుకు స్లీపర్, మూడవ ఏసీ తరగతుల్లో 75 శాతం రాయితీ ఉంది. రైల్వే వారి గుర్తింపు కార్డు ముందే చేయించుకోవాలి. భూపాలపల్లికి రైలు లేదు. బస్సు మెట్లు ఎత్తుగా ఉంటాయి గనుక హనుమకొండ వరకైనా కారు మాట్లాడుకోవడం మేలు.

3. విమానం

కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు తెలపాలి. కొద్దిగా నడవగలరా, మెట్లు ఎక్కలేరా, సీటు దాకా మోయవలసిందేనా అన్నది స్పష్టంగా చెప్పాలి. ఈ మూడింటికీ ఏర్పాట్లు వేరు. బ్యాటరీ కుర్చీ అయితే బ్యాటరీ రకం కూడా చెప్పాలి. కుర్చీపై పేరు, ఫోను నంబరు అంటించాలి. దిండు, పాదాల పలకలు చేత పట్టుకోవాలి.

4. తహారత్, నమాజు

నీళ్ళు చిమ్మే చిన్న సీసా ఉంటే కూర్చున్నచోటే వుజూ చేయవచ్చు. వుజూతో తోలు మేజోళ్ళు తొడుక్కున్న ప్రయాణికుడు మూడు పగళ్ళు, మూడు రాత్రుల వరకు వాటిపై మసహ్ చేయవచ్చు. మూత్రపు సంచి తప్పనిసరైనవారు హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం మాజూర్ కోవలోకి వస్తారు. ప్రతి నమాజు వేళకు కొత్త వుజూ చేసుకుంటే చాలు. సంచిని చూసి నమాజు మానేయరాదు. సజ్దా చేయలేనివారు సైగతో చేస్తారు, రుకూ కన్నా సజ్దాకు తల ఎక్కువ వంచుతారు. సుమారు 77 కిలోమీటర్లు దాటే ప్రయాణంలో, సొంతంగా చేసుకునే నాలుగు రకాతుల ఫర్జ్ రెండే అవుతుంది.

5. మక్కాలో

వీల్‌ఛైరులను సాధారణంగా పై అంతస్తులకు పంపుతారు. అక్కడ చుట్టు పొడవెక్కువ గనుక నెట్టేవారు ఇద్దరుండి వంతులు మారాలి. నెట్టే వ్యక్తి కూడా సంకల్పం చేసుకుంటే అతని తవాఫ్ కూడా నెరవేరుతుంది. హజరె అస్వద్ వైపు సైగ చేస్తే చాలు. సఫా, మర్వాల మధ్య వీల్‌ఛైరులకు ప్రత్యేక దారి ఉంది.

వాహనంపై నిలకడగా కూర్చోలేని వృద్ధ తండ్రి తరఫున హజ్ చేయడానికి ఖస్అమ్ తెగకు చెందిన ఒక స్త్రీకి దైవప్రవక్త (స) అనుమతి ఇచ్చారు (బుఖారీ). కాని కుర్చీలో కూర్చుని వెళ్ళగలిగినవారిని ఆ కోవలో చేర్చే ముందు ధర్మపండితులను అడగాలి. అంతకన్నా ముందు, వెళ్ళాలని ఉందా అని ఆ మనిషిని అడగాలి.

అల్లాహ్ మన తల్లిదండ్రుల కోరికలు తీర్చే భాగ్యం మనకు ప్రసాదించుగాక! ఆమీన్.