పటములోని పొలము, నేలమీది పొలము

రాయదుర్గము మెట్టచేలలో వంక పొంగినపుడు హద్దురాళ్లు కొట్టుకొనిపోవుట కలదు. అప్పుడు ఇరుగుపొరుగు రైతులు కోర్టుకెక్కుటకు ముందు గ్రామపటమును విప్పి చూడవలెను. పటములోని పొలమును నేలమీది పొలమును సరూపములు. అనగా కోణములు మారవు, భుజములన్నియు ఒకే నిష్పత్తిని పెరుగును.

పాత గ్రామపటములలో 16 అంగుళములు ఒక మైలు. మైలుకు 80 గొలుసులు గనుక 1 అంగుళము 5 గొలుసులు, అనగా 330 అడుగులు. అయితే చదరపు అంగుళము 5 చదరపు గొలుసులు కాదు, 25. అది 2½ ఎకరములు.

క, ఖ, గ, ఘ అను నాలుగు మూలల చేనిలో గ, ఘ రాళ్లు పోయినవనుకొందము. పటములో కఖ 2 అంగుళములు, ఖగ 1½. నేలమీద కఖ 10 గొలుసులున్నచో ఖగ 7½ గొలుసులు, అనగా 495 అడుగులు. క, ఖ, గ కోణములు 90, 80, 105 డిగ్రీలైనచో, నాలుగును కలిసి 360 గనుక ఘ కోణము 85.

భుజములు మాత్రమే చాలునని మేమొకమారు భ్రమపడితిమి. వదులైన నులకమంచమును చూడుడు! పట్టెల పొడవు మారకయే అది ప్రక్కకు వాలును. చేనును అట్లే. కావున కగ కర్ణమును గూడ కొలువవలెను. పటములో అది సుమారు 2.28 అంగుళములు, నేలమీద 11.4 గొలుసులు. క నుండి 11.4, ఖ నుండి 7½ గొలుసులు కలియుచోటే గ. పిమ్మట గ, క ల నుండి మిగిలిన భుజములతో ఘ దొరకును.

పటముమీద అంగుళములో ఇరువదవ వంతు తప్పినను నేలపై 16½ అడుగులు తప్పును. కావున పొలము కొలతపుస్తకమునుండి నకలు పొంది, అందలి అంకెల ప్రకారము సర్వేయరుచేతనే రాయి నాటింపవలెను.