ఎక్కడం సరే, దిగడం సంగతేంటి?

మా అక్కావాళ్ళు అమెరికాలో డెన్వర్‌లో ఉంటారు. పోయిన జూన్‌లో అమ్మా నాన్నా మొదటిసారి అక్కడికి వెళ్ళారు. నాకు సెమిస్టర్ పరీక్షలు, అందుకే హాస్టల్లోనే ఉండిపోయాను. కానీ ఒక పని మాత్రం నా నెత్తిన పడింది.

"ఒరేయ్, రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌కి రెండు రోజులు వెళ్దామనుకుంటున్నాం. ఎక్కడెక్కడ నడవాలో నువ్వే చూసి పెట్టు, నాకు ఆఫీసుతో తీరట్లేదు" అంది అక్క.

ఆ ప్లాన్ వేస్తూ నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం. రేపు మీరు మీవాళ్ళని మున్నారుకో, మనాలీకో తీసుకెళ్ళినా ఈ లెక్క పనికొస్తుంది.

మొదటి పాఠం: ఫొటో చూసి దారి ఎంచుకోకూడదు

నేను చేసిన మొదటి తప్పు ఇదే. ఎమరాల్డ్ లేక్ ఫొటో చూశాను. చుట్టూ రాతి కొండలు, మధ్యలో పచ్చటి నీళ్ళు. అంతే, దిగిన మర్నాడే అక్కడికి అని రాసేశాను. ఫొటో గమ్యాన్ని చూపిస్తుంది, దారిని చూపించదు. దారికి రెండు అంకెలు కావాలి: ఎంత దూరం, ఎంత ఎత్తు ఎక్కాలి.

ఈ రెండూ ఉంటే సమయం లెక్కకట్టడానికి ఒక పాత సూత్రం ఉంది. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పాడు: ప్రతి 3 మైళ్ళకి ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకి ఇంకో గంట. బేర్ లేక్ దగ్గర మొదలుపెడితే ఎమరాల్డ్ లేక్ దాదాపు 1.8 మైళ్ళు, ఎక్కాల్సింది దాదాపు 650 అడుగులు. అంటే 36 నిమిషాలు, ఇంకో 20 నిమిషాలు. గంటలోపే! కానీ ఇది అలవాటున్న మనిషి ఆగకుండా నడిస్తే పట్టే సమయం. మనవాళ్ళు ఫొటోలు దిగాలి, నీళ్ళు తాగాలి, ఆయాసం తీర్చుకోవాలి. అందుకే నేను దాన్ని రెట్టింపు చేశాను. రానూపోనూ, అక్కడ కూర్చునే సమయంతో కలిపి నాలుగు గంటలు.

రెండో పాఠం: గాలిని కూడా లెక్కలో వేయాలి

మాది విజయవాడ. సముద్రమట్టానికి పెద్ద ఎత్తు లేదు. డెన్వర్ 5,280 అడుగులు, పార్క్ పక్కనున్న ఎస్టెస్ పార్క్ ఊరు దాదాపు 7,500, బేర్ లేక్ దాదాపు 9,475. ఆ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టం దగ్గరున్న దాంట్లో సుమారు 70 శాతమే. ఊపిరి అదే, అందే ఆక్సిజన్ తక్కువ. తలనొప్పి, వికారం రావచ్చు. కాబట్టి డెన్వర్‌లో కొన్ని రోజులు ఉన్నాకే కొండకి వెళ్ళాలి, మొదటిరోజు చదునైన దారే పెట్టుకోవాలి. కారులో వెళ్ళే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు 12,183 అడుగుల దాకా పోతుంది. అది ఆఖర్న పెట్టుకోవాలి.

ఇంకోటి, అక్కడ వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు మెరుపులు మామూలే. చెట్లు లేని ఎత్తుల నుంచి మధ్యాహ్నానికల్లా దిగిపోవాలి. పొద్దున్నే బయల్దేరితే పార్కింగ్ కూడా దొరుకుతుంది. వేసవిలో లోపలికి వెళ్ళే సమయాన్ని ముందే బుక్ చేసుకోవాల్సి రావచ్చు, వెళ్ళే ఏడాది నియమాలు చూసుకోండి.

మూడో పాఠం: ఏ పట్టికలోనూ లేనిది

ఇంత లెక్క వేశాక ఎమరాల్డ్ లేక్‌ని రెండోరోజుకి మార్చి, పని అయిపోయిందనుకున్నాను. "అమ్మకి ఏం ఇబ్బంది లేదు, రెండేళ్ళ క్రితం అలిపిరి మెట్లు 3,550 ఎక్కేసింది" అని అక్కతో ధీమాగా చెప్పాను కూడా.

ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మ, అక్కావాళ్ళింట్లో పైనుంచి హాల్లోకి దిగుతోంది. రెయిలింగ్ రెండు చేతులతో పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆన్చి.

"ఏంటమ్మా, అలా దిగుతున్నావ్?"

"ఏం లేదు నాన్నా, దిగేటప్పుడు మోకాళ్ళు కాస్త పట్టేస్తాయి."

"ఎప్పట్నుంచి?"

"అవుతోందిలే రెండేళ్ళు. అందరూ సరదాగా వెళ్తుంటే నేనెందుకు అడ్డం?"

పక్కనున్న నాన్నకి కూడా తెలీదు. అప్పుడు గుర్తొచ్చింది: తిరుమల మెట్లు అమ్మ ఎక్కింది, నిజమే. దిగింది మాత్రం బస్సులో! ఎక్కేటప్పుడు పని ఊపిరిది, గుండెది. దిగేటప్పుడు ప్రతి అడుగులోనూ ఒళ్ళు బరువుని ఆపాల్సింది మోకాలు. కొండదారిలో సగం బస్సు ఉండదు.

అప్పుడు ఎత్తుని అంతస్తుల్లోకి మార్చి చూశాను. అంతస్తుకి 10 అడుగులనుకుంటే ఎమరాల్డ్ లేక్ నుంచి దిగడం అంటే 65 అంతస్తులు దిగడం. అదే దారిలో ముందొచ్చే నింఫ్ లేక్ అర మైలే, 225 అడుగులు, అంటే 22 అంతస్తులు. దాని తర్వాత డ్రీమ్ లేక్ 1.1 మైళ్ళు, 42 అంతస్తులు. స్ప్రేగ్ లేక్ చుట్టూ దారి మైలు కంటే తక్కువ, దాదాపు చదును, వీల్‌చెయిర్ కూడా పోతుంది.

ఆల్బర్టా ఫాల్స్ గురించీ ఆలోచించాను. 0.8 మైలుకి ఓ 160 అడుగులే, వాలు తక్కువ. కానీ అసలు చూడాల్సిన జలపాతం చివర్లో ఉంది. మధ్యలో ఆగిపోతే వెనక్కి రావడం ఓడిపోయినట్టే అనిపిస్తుంది, అప్పుడు అమ్మ నొప్పి దాచుకుని నడుస్తుంది. బేర్ లేక్ దారిలో అలా కాదు, ఎక్కడ ఆగినా ఎదురుగా ఒక చెరువు ఉంటుంది. ఇంటిల్లిపాదికీ దారి ఎంచుకునేటప్పుడు నేను ఇప్పుడు మొదట చూసేది ఇదే: మధ్యలో ఆగినా పూర్తయినట్టుండాలి.

చివరి ప్లాన్: మొదటిరోజు స్ప్రేగ్ లేక్. రెండోరోజు బేర్ లేక్ ఒడ్డున అందరూ కలిసి నడక, ఆ తర్వాత ఎంతదూరమో అమ్మ ఇష్టం, చేతికర్రలు తప్పనిసరి, ఎవర్నీ ఒంటరిగా వదలకూడదు.

అమ్మ నింఫ్ లేక్ దాకా వెళ్ళింది. నాన్న తోడుగా అక్కడే ఉన్నాడు. అక్కా బావా పైకెళ్ళొచ్చారు. ఆ రాత్రి ఫోన్‌లో అమ్మ ఎక్కువసేపు చెప్పింది చెరువులో కలువల గురించి. చివర్లో, "ఎవరూ తొందరపెట్టలేదురా, హాయిగా కూర్చున్నా" అంది. ఇప్పుడు మోకాళ్ళకి డాక్టర్ చెప్పిన వ్యాయామాలు చేస్తోంది.

మీరు మీ ఇంట్లోవాళ్ళతో కొండకి వెళ్ళే ముందు మ్యాప్ తెరవండి, తప్పకుండా. దానికంటే ముందు, వాళ్ళు మెట్లు ఎలా దిగుతున్నారో ఒక్కసారి చూడండి.